పవర్ బటన్ వెనకున్న చిన్న బోర్డు

2005లో వచ్చిన మైక్రోసాఫ్ట్ గేమ్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 తొలి మోడల్‌ని విప్పడం మొదలుపెట్టడానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. ముందువైపు యూఎస్‌బీ పోర్టులను కప్పి ఉంచే చిన్న తలుపు తెరిచి, ఆ అంచు పట్టుకుని గట్టిగా లాగితే ముందు పలక, అంటే ఫేస్‌ప్లేట్ మొత్తం ఊడి చేతికొస్తుంది. దాని వెనక, రేకు పెట్టెకు బయటి వైపున, పవర్ బటన్ ఉన్న చోట అరచేతిలో ఇమిడిపోయే ఒక సర్క్యూట్ బోర్డు నిలబెట్టి ఉంటుంది. రిపేర్ చేసేవాళ్లు దాన్ని ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) బోర్డు అంటారు. లోపలున్న ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్‌ల ముందు దాని ఖరీదు లెక్కలోకే రాదు. కానీ ఆ కన్సోల్ గురించి జనానికి గుర్తున్నవన్నీ ఈ బోర్డు మీదే జరిగాయి. ఆన్ చేయగానే తిరిగే పచ్చ రింగ్, సోఫాలోంచి లేవకుండా నడిచిన వైర్‌లెస్ కంట్రోలర్, తర్వాత కొన్ని లక్షల ఇళ్లలో గుండె జారేలా చేసిన ఎర్ర లైట్లు, అన్నీ ఇక్కడివే.

ఆ బోర్డు మీద ముఖ్యంగా ఉన్నవి మూడు రకాల వస్తువులు. నొక్కే స్విచ్ ఒకటి, దాని చుట్టూ ఎల్‌ఈడీలు, కంట్రోలర్లతో మాట్లాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో. స్విచ్‌కీ రేడియోకీ సంబంధం ఏమిటని మొదట అనిపిస్తుంది. మెకానికల్ వస్తువు ఒకటి, సున్నితమైన రేడియో సర్క్యూట్ ఒకటి, రెండింటినీ ఒకే పలక మీద ఎందుకు పెట్టాలి?

కన్సోల్ లోపలి రేకు పెట్టెను చూస్తే జవాబు దొరుకుతుంది. ఎక్స్‌బాక్స్ 360 ప్రాసెసర్ 3.2 గిగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. దాని పక్కన గ్రాఫిక్స్ చిప్, మెమరీ. ఇవన్నీ నడిచేటప్పుడు రేడియో రొద పుట్టిస్తూనే ఉంటాయి. ఆ రొద బయటికొచ్చి పక్కింటి పరికరాలను ఇబ్బంది పెట్టకూడదని చాలా దేశాల్లో నియమాలున్నాయి కాబట్టి మదర్‌బోర్డు చుట్టూ లోహపు షీల్డ్ కడతారు. ఆ షీల్డ్ లోపలి రొదను ఆపినట్టే బయటి సిగ్నల్‌నీ ఆపేస్తుంది. దాని లోపల యాంటెన్నా పెట్టడమంటే కుండలో తల పెట్టి ఊళ్లోవాళ్లను పిలవడమే. యాంటెన్నా బయట ఉండాలి. వేలు తగలాల్సిన బటన్, కంటికి కనపడాల్సిన లైటు ఎటూ బయటే ఉండాలి. మనిషి వైపు తిరిగి ఉండాల్సినవన్నీ ఒకే పలక మీదికి చేరడం వెనక ఉన్న లెక్క ఇదే.

యాంటెన్నాకు చోటు కూడా పెద్దగా అక్కర్లేదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. అందులో పావు వంతు పొడవుంటే యాంటెన్నాగా పనిచేస్తుంది కాబట్టి గాలిలో 3 సెంటీమీటర్లు చాలు, బోర్డు మీద అచ్చువేసిన రాగి గీత అయితే అంతకంటే తక్కువైనా సరిపోతుంది. అదే పాత ఎఫ్ఎం రేడియో అయితే పావు తరంగమే 75 సెంటీమీటర్ల దాకా వస్తుంది. అందుకే ఆ సెట్లకు లాగితే పొడవయ్యే కడ్డీ ఉండేది.

ఖర్చు సంగతి కూడా ఉంది. మదర్‌బోర్డు అనేక పొరల రాగితో తయారవుతుంది, అందులో ప్రతి చదరపు సెంటీమీటరూ ఖరీదే. బటన్, లైట్లకు అంత హంగు అవసరం లేదు. పైగా రోజూ వేలితో నొక్కే వస్తువు మదర్‌బోర్డు మీదే ఉంటే ఆ ఒత్తిడి అక్కడి సోల్డర్ అతుకుల మీద పడుతుంది. శీతాకాలంలో వేలి నుంచి దూకే స్టాటిక్ కరెంటు కూడా ముందు చిన్న బోర్డుకు తగలడమే మేలు. రేడియో విడిగా ఉంటే ధ్రువీకరణ పత్రాల గొడవ కూడా కొంత తేలిక. వైర్‌లెస్ భాగం మారనంత కాలం దాని పరీక్షలను ప్రతి మోడల్‌కూ మొదటినుంచి చేయించాల్సిన పని తగ్గుతుంది. మన దేశంలో 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదని 2005 నాటి నిబంధనలు చెప్పాయి. అయినా వైర్‌లెస్ ఉన్న పరికరాన్ని దిగుమతి చేసుకోవాలంటే కేంద్ర టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం నుంచి ఆమోదం తీసుకోవాల్సిందే.

ఇక కన్సోల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు జరిగేది చూడాలి, ఈ బోర్డు అసలు పనితనం అక్కడుంది. కంట్రోలర్ మధ్యలో ఉన్న గైడ్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే ఎక్స్‌బాక్స్ లేస్తుంది. ఆఫ్ అయిన యంత్రానికి ఆ పిలుపు ఎలా వినిపించింది? నిజానికి అది పూర్తిగా ఆఫ్ కాలేదు. ఇటుకలాంటి ఆ పెద్ద అడాప్టర్ రెండు రకాల కరెంటు ఇస్తుంది. ఆట నడిచేటప్పుడు 12 వోల్టులు, ప్లగ్ పెట్టి ఉన్నంతసేపూ 5 వోల్టుల స్టాండ్‌బై. ఈ స్టాండ్‌బై కరెంటుతో రెండు ప్రాణాలు మేలుకుని ఉంటాయి. ఒకటి మదర్‌బోర్డు మీద పోర్టులు, డిస్కుల లాంటి వాటిని చూసుకునే సౌత్‌బ్రిడ్జ్ చిప్‌లో ఉండే చిన్న కంట్రోలర్ (ఆట ఆడే కంట్రోలర్ కాదు, బుల్లి కంప్యూటర్ లాంటిది). అది 8051 అనే పాత తరం డిజైన్, మన పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ ల్యాబుల్లో విద్యార్థులు ప్రోగ్రామ్ రాసి లైట్లు వెలిగించేదే. రెండోది ఆర్‌ఎఫ్ బోర్డు. ఇల్లంతా నిద్రపోయినా వీధి అరుగు మీద పడుకుని ఎవరొచ్చారో చూసే ముసలాయనలాంటిది. రేడియో పిలుపు రాగానే లోపలికి కబురు పంపుతుంది, 8051 లేచి పెద్ద కరెంటు ఆన్ చేయిస్తుంది, మిగతా బలగం అంతా తర్వాత కదులుతుంది.

లోపలికి కబురు వెళ్లే దారులు కూడా కొన్నే. బోర్డుకు 3.3 వోల్టుల కరెంటు, కంట్రోలర్ల సమాచారం మోసే రెండు యూఎస్‌బీ తీగలు, లైట్లూ రేడియోలకు ఆదేశాలు తెచ్చే డేటా, క్లాక్ అనే రెండు తీగలు, బటన్ నొక్కినట్టు చెప్పే తీగ ఒకటి. వైర్‌లెస్ అని పేరు పెట్టుకున్న కంట్రోలర్ కూడా కన్సోల్‌లోకి అడుగుపెట్టేది చివరికి యూఎస్‌బీ వైరు మీదే.

ఆ రెండు ఆదేశాల తీగల్లో ఓ చిత్రం ఉంది. మామూలుగా ఆదేశం ఇచ్చే చిప్పే క్లాక్ తాళం, అంటే ఒక్కో బిట్ ఎప్పుడు చదవాలో చెప్పే లయ కూడా వేస్తుంది. ఇక్కడ మదర్‌బోర్డు డేటా తీగను కిందికి లాగి, "ఒక మాట చెప్పాలి" అన్నట్టు ఆగుతుంది. తాళం వేసేది ఆర్‌ఎఫ్ బోర్డు. ఆ తాళానికి తగ్గట్టు మదర్‌బోర్డు ఒక్కో బిట్ అందిస్తుంది. ఆదేశం పొడవు 10 బిట్లు. లైట్లను సిద్ధం చేయమని ఒక సంఖ్య, ఆన్ అయ్యేటప్పుడు రింగ్ తిరగమని ఇంకో సంఖ్య, కొత్త కంట్రోలర్‌ను జత చేసుకోమని మరో సంఖ్య. ఆ జత చేసే చిన్న సింక్ బటన్ పాత మోడల్‌లో ఆర్‌ఎఫ్ బోర్డు మీద ఉండదు, మదర్‌బోర్డు అంచున ఉంటుంది. అందుకే దాన్ని నొక్కితే కబురు ముందు లోపలికి వెళ్లి, ఆదేశమై మళ్లీ ఈ బోర్డుకే తిరిగొస్తుంది.

ఈ వివరాలన్నీ కంపెనీ చెప్పినవి కావు, ఔత్సాహికులు తీగలకు ప్రోబ్‌లు తగిలించి తెలుసుకున్నవి. వాళ్లకా అవసరం ఎందుకొచ్చిందంటే, ఎక్స్‌బాక్స్ 360 వైర్‌లెస్ కంట్రోలర్ పీసీతో పనిచేయాలంటే విడిగా ఒక రిసీవర్ కొనాలి. ఛార్జింగ్ కేబుల్ పీసీకి పెడితే బ్యాటరీ నిండుతుందే తప్ప ఆట నడవదు, ఎందుకంటే ఆ కేబుల్ కంట్రోలర్‌కు కరెంటే మోస్తుంది. మరోపక్క మదర్‌బోర్డు పోయి మూలన పడ్డ కన్సోల్‌లో సరిగ్గా అదే పని చేసే రిసీవర్ క్షేమంగా ఉంటుంది. పాత యూఎస్‌బీ కేబుల్ కోసి రెండు డేటా తీగలు సోల్డర్ చేసి, పది బిట్ల ఆదేశాలు పంపడానికి ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డు తగిలిస్తే ఆర్‌ఎఫ్ బోర్డు పీసీ రిసీవర్ అయిపోతుంది. కన్సోల్ లేదు కాబట్టి పవర్ బటన్‌కి ఇక పనిలేదు, దాన్నే సింక్ బటన్‌గా మార్చేసుకుంటారు. లినక్స్‌లోని ఎక్స్‌ప్యాడ్ డ్రైవర్ ఈ బోర్డును పేరుపెట్టి గుర్తుపడుతుంది. విండోస్‌లో డ్రైవర్‌ను చేత్తో ఎంచి చూపించాలి. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులు, బోర్డుకు కావాల్సింది 3.3. నేరుగా తగిలిస్తే బోర్డు కాలిపోవచ్చు. వోల్టేజి తగ్గించడానికి చాలామంది రెండు డయోడ్లు వరసగా పెట్టి సరిపెట్టుకుంటారు, కానీ డయోడ్ల మీద తగ్గే వోల్టేజి కరెంటును బట్టి మారుతుంటుంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట ఏ విడిభాగాల కొట్టులో అడిగినా దొరికే 3.3 వోల్టుల రెగ్యులేటర్ పెట్టడమే సరైన పద్ధతి.

ఇప్పుడు ఎర్ర రింగ్ సంగతి. పవర్ బటన్ చుట్టూ ఉన్న రింగ్ నాలుగు పావు ముక్కలుగా ఉంటుంది. అన్నీ బాగున్నప్పుడు అవి ఎన్ని కంట్రోలర్లు జతయ్యాయో పచ్చగా చూపిస్తాయి. మొదటి ఆటగాడికి ఎడమ పై పావు, రెండో ఆటగాడికి కుడి పైది. కన్సోల్‌ను నిలబెట్టినా, పడుకోబెట్టినా లెక్క తప్పకుండా రింగ్ తనను తాను సర్దుకుంటుంది. తేడా వస్తే అవే పావులు ఎర్రబడతాయి. నాలుగూ ఎర్రగా వెలిగితే టీవీకి వెళ్లే కేబుల్ సరిగ్గా లేదని, రెండు వెలిగితే వేడెక్కిందని, మూడు వెలిగితే హార్డ్‌వేర్ పాడైందని అర్థం. ఆ మూడో సంకేతమే ప్రపంచమంతా పేరు మోసింది. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచి, మరమ్మతుల కోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. అసలు రోగం ఎక్కువగా గ్రాఫిక్స్ చిప్ దగ్గరుండేది. వేడెక్కడం, చల్లారడం మళ్లీ మళ్లీ జరిగి సన్నని అతుకులు చిట్లేవి. ఆర్‌ఎఫ్ బోర్డు ఆ కబురు మోసుకొచ్చింది, అంతే. అయినా ఎర్ర లైట్లు కనిపించాయి కాబట్టి లైట్ల బోర్డు మార్చి చూద్దామనుకున్నవాళ్లు లేకపోలేదు. జ్వరం తగ్గలేదని థర్మామీటర్ మార్చినట్టు.

నిజానికి ఆ నాలుగు పావులు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ చెప్పగలవు. మూడు ఎర్ర లైట్లు మెరుస్తున్నప్పుడు సింక్ బటన్ నొక్కి పట్టుకుని, డిస్క్ ట్రే తెరిచే ఎజెక్ట్ బటన్ ఒకసారి నొక్కాలి. వెంటనే లైట్లు మారతాయి. ఒక పావు మెరిస్తే 1, రెండు మెరిస్తే 2, మూడు మెరిస్తే 3, నాలుగూ మెరిస్తే సున్నా. ఎజెక్ట్ రెండోసారి నొక్కితే రెండో అంకె, అలా నాలుగు అంకెలు. ఐదోసారి నొక్కితే లైట్లు మళ్లీ పాత మెరుపుకే వస్తాయి. అప్పట్లో తరచూ వినిపించిన కోడ్ 0102. ఒక్కో చోట నాలుగు అవకాశాలు, అలాంటివి నాలుగు చోట్లు, కలిపితే 256. అంటే సరిగ్గా ఒక బైటు. లోపలి 8051 దగ్గరున్న ఒక బైటు లోపం సంఖ్యను, స్క్రీన్ కూడా లేని యంత్రం, నాలుగు బల్బులతో, నాలుగు వాయిదాల్లో చెబుతుందన్నమాట. నాలుగుల లెక్కలో ఉన్న 0102ని మనం వాడే పదుల లెక్కలోకి మారిస్తే 18. ఇంత పొదుపైన డిజైన్‌ని కనిపెట్టిన ఇంజినీరుకు దణ్ణం పెట్టాలి. అది పనికొచ్చిన సందర్భాలే బాధాకరం.

2010లో వచ్చిన సన్నని మోడల్, ఎక్స్‌బాక్స్ 360 ఎస్‌లో ఆ పావుల నుంచి ఎరుపు తీసేశారు. తేడా వస్తే మధ్యలో ఒక్క ఎర్ర చుక్క వెలుగుతుంది. చిప్‌లు కూడా బాగుపడ్డాయి కాబట్టి ఎర్ర రింగ్ కథ అక్కడితో ముగిసింది. కానీ పాతది చెడ్డపేరుతో పాటు ఎంతో సమాచారం కూడా ఇచ్చేది. ఒక్క చుక్కతో అది కుదరదు. రిపేర్ చేసేవాడి వైపు నుంచి చూస్తే ఇది నష్టమే.

అదే మోడల్‌లో ఇంకో మార్పు వచ్చింది. నొక్కే బటన్ పోయి తాకితే చాలనే టచ్ వచ్చింది. టచ్ బటన్ లోపల కదిలేది ఏమీ ఉండదు, ఒక రాగి పలక ఉంటుంది. వేలు దగ్గరకొస్తే అక్కడి కెపాసిటెన్స్ (విద్యుత్ ఛార్జిని పట్టి ఉంచే గుణం) కొద్దిగా మారుతుంది, చిప్ ఆ మార్పును కొలుస్తుంది. అరిగిపోయే భాగం లేదు, చూడటానికి అందంగా ఉంటుంది. కానీ నొక్కినట్టు వేలికి తెలియదు కదా. తెలియజేయడానికి చిన్న స్పీకర్ పెట్టి కూత పెట్టించాల్సి వచ్చింది. క్లిక్‌మనే చవకైన స్విచ్‌ని తీసేసి, దాని బదులు సెన్సర్, స్పీకర్ పెట్టడం లాభమా నష్టమా అన్నది ఎవరికివారు తేల్చుకోవాలి.

2013లో సోనీ, మైక్రోసాఫ్ట్ రెండు కంపెనీలూ ఈ టచ్ బాటే పట్టాయి. తొలి ప్లేస్టేషన్ 4, తొలి ఎక్స్‌బాక్స్ వన్ రెండింటికీ టచ్ బటన్లే. కొందరి ప్లేస్టేషన్ 4లు ఎవరూ ముట్టుకోకుండానే డిస్కును బయటికి నెట్టేసేవి. ఎజెక్ట్ సెన్సర్ సరిగ్గా కింద ఒక రబ్బరు కాలు ఉంటుంది, అది సెన్సర్ వైపు ఒత్తుకుంటే వేలు తగిలిందని యంత్రం పొరబడేది. ఎక్స్‌బాక్స్ వన్‌ను పెంపుడు పిల్లులు, దోగాడే పిల్లలు ఆన్ చేసేసిన కథలు అన్నీ ఇన్నీ కావు. చివరికి ఏమైంది? 2015లో వచ్చిన ప్లేస్టేషన్ 4 సవరించిన మోడల్‌లో నొక్కే బటన్ తిరిగొచ్చింది, 2016 ఎక్స్‌బాక్స్ వన్ ఎస్‌లోనూ అంతే. తుడవడం సులువు, చూడటానికి బాగుంటుంది అన్న మాటలు నిజమే. కానీ కన్సోల్ టీవీ కింద నేల దగ్గర ఉండే వస్తువు, దానికి వేళ్లే కాదు, తోకలూ తగులుతాయి.

రేడియో వైపు కంపెనీల దారులు వేరువేరు. మైక్రోసాఫ్ట్ 360 కోసం సొంత పద్ధతి తయారు చేసుకుంది, ఒకేసారి నాలుగు కంట్రోలర్లు. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3, నింటెండో వీ (Wii) రెండూ బ్లూటూత్‌నే నమ్ముకున్నాయి. బ్లూటూత్ కూడా అదే 2.4 గిగాహెర్ట్జ్ వీధిలో తిరుగుతుంది, కానీ ఒకచోట నిలబడదు. 79 ఛానళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతుంది. ఒక ఛానల్‌లో వైఫై అడ్డొచ్చినా మరుక్షణం ఇంకో చోట ఉంటుంది. జత చేసే తీరులో ఒక్కొక్కరిది ఒక్కో ధోరణి. వీ అయితే ఎస్‌డీ కార్డు తలుపు వెనక ఎర్ర బటన్, రిమోట్ బ్యాటరీ మూత కింద ఇంకో ఎర్ర బటన్. ప్లేస్టేషన్ 3 అయితే కేబుల్ ఒక్కసారి పెడితే చాలు, కన్సోల్ తన చిరునామాను కంట్రోలర్‌లో రాసేస్తుంది. వాడేవాళ్లకు ఇదే అన్నింటికంటే సులువు, కేబుల్ దొరికితే.

కంట్రోలర్ తడబడితే ముందు అనుమానించాల్సింది బోర్డును కాదు, చుట్టుపక్కల పరిసరాలను. మైక్రోవేవ్ ఓవెన్ నడిచేది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కులు, వాటి కేబుళ్లు ఇదే బ్యాండ్‌లో రొద చేస్తాయి. కన్సోల్‌ను ఇనుప బీరువాలోనో, టీవీ వెనకో దాచిపెడితే ముందువైపు యాంటెన్నా కోసం పడ్డ శ్రమంతా వృథా. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి మధ్యలో నలుగురు కూర్చున్నా సిగ్నల్ కొంత తగ్గుతుంది.

ఇవేవీ కాదనుకుంటే అప్పుడు బోర్డు వైపు చూడొచ్చు. వైరు కంట్రోలర్ బాగా పనిచేసి వైర్‌లెస్ మాత్రం ఒక్కటీ కలవకపోతే అనుమానం రేడియో మీదికి పోతుంది. కంట్రోలర్‌తో ఆన్ అయ్యి బటన్‌తో అవకపోతే రేడియో బాగున్నట్టే, స్విచ్ పోయింది. లైట్లూ లేవు, బటనూ పనిచేయదు, కంట్రోలరూ కలవదు అంటే బోర్డును మదర్‌బోర్డుకు కలిపే కనెక్టర్ దగ్గర మొదలుపెట్టాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ల తేమలో కనెక్టర్ పిన్నులకు చిలుము పట్టడం వింతేమీ కాదు. వెచ్చదనం కోసం లోపలికి చేరే బొద్దింకల సంగతి చెప్పనక్కర్లేదు. బోర్డు తీసి, పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక మళ్లీ కూర్చోబెట్టడం కొత్త బోర్డు కొనేముందు చేయాల్సిన పని.

కొనాల్సే వస్తే మాత్రం పాత ఎక్స్‌బాక్స్ 360 ఈ ఒక్క విషయంలో ఉదారమైనది. దాని డీవీడీ డ్రైవ్ అలా కాదు. ప్రతి డ్రైవ్‌లో ఆ కన్సోల్‌కే చెందిన, తాళంచెవి లాంటి కోడ్ ఉంటుంది, వేరే కన్సోల్ డ్రైవ్ తెచ్చి పెడితే ఆట డిస్కులు నడవవు. ఆర్‌ఎఫ్ బోర్డుకు అలాంటి ముడి లేదు. అదే మోడల్ పాత కన్సోల్ నుంచి తీసిన బోర్డు పెట్టి, స్క్రూలు బిగించి, ఫేస్‌ప్లేట్ నొక్కేస్తే సరి. కొత్త బోర్డుకు పాత కంట్రోలర్లు తెలియవు కాబట్టి మళ్లీ పరిచయం చేయాలి. కన్సోల్ మీద సింక్ నొక్కాలి, 20 సెకన్లలోపు కంట్రోలర్ మీద నొక్కాలి. రింగ్ ఒకటి రెండు చుట్లు తిరిగి, ఎడమ పై పావు పచ్చగా నిలుస్తుంది.